తెడ్డు కొరికిన చోటు

మోటారు నడపడం నా పని అనుకుంటారు.
కాదు. ఆపడం నా పని.

సెతియు మొగ దాటి,
తీరంలోని కొబ్బరితలలన్నీ ఒక్క నల్లగీత అయ్యాక
తోక్ దెరామన్ అరచెయ్యి ఎత్తుతాడు.
మీట వదిలేస్తాను.
డీజిలు మూలిగి, దగ్గి, ఊరుకుంటుంది.

ఆయన చొక్కా విప్పి, పడవ అంచు పట్టుకుని
మెడ దాకా, కణతల దాకా, నెత్తి దాకా దిగుతాడు.
పైన మిగిలేవి పది వేళ్లు.
వాటినే చూస్తూ కూర్చోవాలి మేము.

పైన మేమెంత మాట్లాడుకున్నా ఆయనకు చేరదు.
గాలికీ నీటికీ మధ్య గడప అలాంటిది:
వెయ్యి మాటలు వెళితే ఒక్కటి లోపలికి,
మిగతావి చెప్పులైనా విప్పకుండా వెనక్కి.
కానీ పడవ అడుగున ఎవరి బొటనవేలైనా తగిలిందా,
చెక్క చాడీ మోసేస్తుంది.
"ఎవడ్రా ఆ గోకుడు?" అంటూ లేచేవాడు
నోటినిండా సముద్రంతో.

నీళ్లలో చప్పుడుకు తొందరెక్కువ.
గాలిలో ఒక అంగ వేసేలోగా అక్కడ నాలుగున్నర.
రెండు చెవుల మీదా ఒకేసారి వాలుతుంది,
ఏ దిక్కు నుంచి వచ్చావని అడిగే వ్యవధి ఇవ్వదు.
నేనూ ఒకసారి మునిగి చూశాను.
సముద్రమంతా నా తలలోనే చిటపటలాడింది.
"ఎటు?" అన్నారు పైకి రాగానే.
"లోపల" అన్నాను.
నాలుగు నెలలు నవ్వారు.

ఆయన మాత్రం తల అటు తిప్పి, ఇటు తిప్పి
బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేవాడు.
ఇది రొయ్య చిటిక.
ఇది ఇసుక మీద అల దొర్లుడు.
ఇదిగో గెలామా,
పొట్టలోని గాలితిత్తిని తానే వాయించుకునే మగచేప,
కెరొపొక్ మూకుట్లో పడిన మొదటి క్షణంలా ఉంటుంది.
ఏడు బారల లోతు. అడుగున బురద.
బురద మీది మంద గొంతు మెత్తన,
రాతి మీది మంద గొంతుకు అంచులుంటాయి.
ఎడమ చూపుడువేలు లేచిందంటే
ఆ వైపు వల.

ముప్పై ఎనిమిదేళ్ల మునకలు.
ముందు కుడిచెవి చీము కారింది, తర్వాత ఎడమది.
క్వాలా తెరెంగాను ఆసుపత్రిలో డాక్టరమ్మ
కర్ణభేరి ఉండాల్సిన చోట చిల్లు చూపించింది తెర మీద.
ఆయన శ్రద్ధగా చూశాడు, చిరిగిన వలను చూసినట్టు,
ఎక్కడ మొదలుపెట్టి అల్లాలా అని.
డిసెంబరు వాన రేకుల మీద దబదబలాడుతుంటే
"వెలిసిందా?" అని అడిగేవాడు.

వలవాళ్లు వాయిదాల మీద సోనార్ కొన్నారు.
అందులో చేపలన్నీ ఎర్రమచ్చలే.
ఎవరి పేరూ చెప్పదది.

ఒక తెల్లవారుజామున
పిలవకుండానే వచ్చి పడవలో కూర్చున్నాడు.
మోటారు ఆపాను, అలవాటు కొద్దీ.
దిగలేదు ఆయన.
తెడ్డు రెక్కను సముద్రంలో ముంచి
పిడిని పళ్లతో కరిచాడు.
కింద మూడు, పైన రెండు. ఉన్నవే అయిదు.

నీటి నుంచి చెంగాల్ కర్రకు,
కర్ర నుంచి పంటికి, పంటి నుంచి దవడకు,
దవడ నుంచి పుర్రె లోతుల్లో
ఇంకా మేలుకునే ఉన్న ఆ చిన్న నత్తగుల్లకు.
విరిగిన తలుపును ఎవరూ తట్టలేదు.
పెరటిగోడ దూకి వచ్చారు.

చాలాసేపు.
మాలో ఒకడు గొంతు సవరించుకోబోయి మింగేశాడు.
చూపుడువేలు లేచింది.

ఎంత పడిందని అడుగుతారు అందరూ.
తొమ్మిది బుట్టలు. పెద్ద వేటేం కాదు.
మరునాడు కనుచూపుకి ఆవల ఏదో ట్రాలర్ తిరుగుతోంది,
మాకెవరికీ వినబడలేదు.
ఆయన తెడ్డు వదిలేసి దవడ పట్టుకున్నాడు.
ఇనుము గొడవంతా పంట్లోకి దిగిందట.

ఆ తెడ్డు ఇప్పుడు నా ఇంట్లో, తలుపు వెనక.
పిడి చివర అయిదు గుంటలు.
నాకు ముప్పై పళ్లు, ఒక్కటీ వాటిలో సరిగా కూర్చోదు.
కొరికితే ముందు ఉప్పు.
తర్వాత నా గుండె, డుబుక్ డుబుక్‌మంటూ,
దాని కింద ఎక్కడో సముద్రం.

ఈ మోటారు మీట ఎక్కడుందో
తోక్ చెప్పిపోలేదు.